పాటగాని ఆత్మకథ – చదువరుల మాట

కిందటి దసరా సెలవుల్లో హుజూర్‌నగర్‌లో ఒక మిత్రుని మిద్దె మీద ఏడుగురం కూర్చుని ఒక పుస్తకం గురించి తగువులాడుకున్నాం. పుస్తకం పేరు ‘లైఫ్’. 1962లో ఇంగ్లండులో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ అనే రాక్ సంగీత బృందంలో గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ ఆత్మకథ అది. 2010లో అచ్చయింది. ఐదువందల పేజీలకు పైబడిన గ్రంథం. ముగ్గురం పూర్తిగా చదివాం, ఇద్దరు సగం చదివారు, తక్కిన ఇద్దరు చదవకుండానే అభిప్రాయం చెప్పారు. గట్టిగా మాట్లాడింది కూడా వాళ్ళే! ఆ అభిప్రాయాలను కొంచెం నిదానంగా పరిశీలిద్దామనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి ఆక్షేపణ మత్తుమందులను గురించి. “ఇసొంటి పుస్తకం పోరగాళ్ళ చేతికిస్తే చెడిపోరా అన్నా?” అన్నాడొక తమ్ముడు. పుస్తకం ప్రారంభమే 1975లో అమెరికాలో పోలీసులు వాళ్ళ కారు ఆపిన ఘట్టంతో. 1977లో టొరంటోలో హెరాయిన్‌తో పట్టుబడినప్పుడు కోర్టు ఆయనను జైలుకు పంపకుండా, అంధుల సహాయార్థం కచేరీ చేయమని తీర్పు చెప్పింది. 1979లో ఓషావా పట్టణంలో ఆ కచేరీ జరిగింది. ఇవేవీ ఆయన దాచలేదు. దాచకపోవటం గొప్పే. కాని మంచి సరుకు వాడాను, మోతాదు ఎరిగి వాడాను కనుక బతికాను అన్న ధోరణి ఒకటి పేజీల మధ్య తొంగిచూస్తుంది. దానికి నేనొప్పుకోను. ఆయన ప్రాణమిత్రుడు, గాయకుడు గ్రామ్ పార్సన్స్ 1973లో ఇరవయ్యారేళ్ళ వయసులో అదే అలవాటుకు బలైపోయాడు. ఆత్మకథలు బతికి బయటపడినవాళ్ళే రాస్తారు. అందుకే ఇలాంటి పుస్తకం చదివేటప్పుడు రాయలేకపోయినవాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి.

రెండోది, మిత్రద్రోహమన్న మాట. చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన మిక్ జాగర్ 1961లో డార్ట్‌ఫర్డ్ రైలు స్టేషనులో చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు పెట్టుకుని తిరిగి కనబడ్డాడు. ఆ రికార్డులే స్నేహం కలిపాయి. అలాంటి స్నేహితుణ్ణి పుస్తకంలో ఎత్తిపొడవటం చాలామందికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. అంతకంటే చెప్పుకోవలసింది లేదు.

నాకు నచ్చినదల్లా సంగీతం గురించిన భాగం. గిటారుకు ఆరు తీగలు. ఈయన అన్నిటికంటే మందంగా ఉండే తీగను తీసేసి, మిగిలిన ఐదింటిని వేరే విధంగా శ్రుతి చేసుకున్నాడు. మన పరిభాషలో చెప్పాలంటే స, ప, స, అంతర గాంధారం, ప. వేళ్ళతో ఎక్కడా నొక్కకుండా మీటితేనే ఒక నిండైన నాదం వస్తుంది. 1969 నాటి ‘హాంకీ టాంక్ విమెన్’, 1971 నాటి ‘బ్రౌన్ షుగర్’ ఆ శ్రుతిలో వాయించినవే. ఆ పేజీలు చదువుతుంటే తంబురా జ్ఞాపకం వచ్చింది. వెనక షడ్జ పంచమాలు మోగుతూనే ఉంటే పాట వాటి మీద నడిచిపోయే పద్ధతి మనకు కొత్త కాదు. ఒక తీగ తీసేయటం వల్ల సంగీతం పెరిగిందన్నది మాత్రం నాకు కొత్త!

ఇక అసలు తగువు. “ఆయన రాసిండా? రాసింది జేమ్స్ ఫాక్స్ గదా! గది ఆత్మకథ ఎట్లయితది?” అని ఒక మిత్రుడు నిలదీశాడు. నిజమే. ఫాక్స్ అనే పత్రికా రచయిత రిచర్డ్స్ చేత చెప్పించి గ్రంథంగా కూర్చాడు. ఆ పేరు కూడా పుస్తకం మీద ఉంది.

దానికి నేను ‘పింజారి’ని అడ్డం వేశాను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, దూదేకుల కులంలో పెరిగి, బుర్రకథను ఊరూరా మోగించి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఆత్మకథ అది. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి రాశారు. కులం పేరు తిట్టుగా వాడే లోకంలో దాన్నే పుస్తకానికి పేరుగా పెట్టుకున్న ధైర్యం సామాన్యమైంది కాదు. నాజర్ చెప్పిన పల్నాటి యుద్ధం మనకు దూరపు కథా కాదు. మట్టపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడే. ఆ పుస్తకం చేతబట్టుకుని, ఇది ఆయన రాయలేదు గనుక ఆయనది కాదు అనగలమా? మిద్దె మీద ఎవరూ అనలేకపోయారు.

ఎందుకంటే బుర్రకథే అలాంటి కళ. నడుమ తంబురాతో, వేళ్ళకు అందెలతో కథకుడు నిలబడతాడు. ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు తందాన అనకపోతే, మధ్యలో ప్రశ్న వేయకపోతే కథ సాగదు. కథకుడు ఒక్కడే చెప్పినట్టుంటుంది గాని చెప్పించేది వాళ్ళు. రమణమూర్తి, ఫాక్స్ చేసిన పని వంతపాటగాళ్ళ పనే. తేడా ఎక్కడంటే, వంతవాడు కథకుని గొంతు మార్చకూడదు. ‘లైఫ్’లో కొన్నిచోట్ల పత్రికారచయిత నునుపు కనిపిస్తుంది. ‘పింజారి’లో నాజర్ నోటి మాట అచ్చులో కూడా చెమట వాసన పోగొట్టుకోలేదు.

ఈ వాదన అయ్యాక నా మనసు కుదురుగా లేదు. మన చుట్టుపక్కల గుమ్మెట వాయించినవాళ్ళు ఎంతమంది ముసలివాళ్ళయిపోయారో, వాళ్ళ కథ ఎవరడిగారు? మా పక్క ఊళ్ళో అలాంటి తాత ఒకాయన ఉన్నాడు. సెల్‌ఫోను రికార్డింగులో పెట్టి ఎదుట కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గది నడుస్తె సాలదు బిడ్డా. నువ్వు నడుమ నడుమ ఊ కొట్టాలె” అన్నాడు.

అప్పటినుంచి నాలుగు ఆదివారాలు వెళ్ళాను. తాత కథ ఇంకా ఆయన పన్నెండో ఏటి దగ్గరే ఉంది.