రెండు రిపోర్టులు, రెండు జవాబులు: సీలియాక్ వ్యాధిని ఎలా తేలుస్తారు?

మనలో చాలామందిమి కొన్నేళ్లకోసారి ఊరు మారేవాళ్లమే. విశాఖపట్నంలో ఇడ్లీ, అన్నం తిన్నవాళ్లం అంబాలాకో పఠాన్‌కోట్‌కో వెళ్లాక రెండు పూటలా చపాతీ తింటాం. ఊరితోపాటు మన కంచం కూడా మారుతుంది. ఎక్కువమందికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కొద్దిమందికి మాత్రం గోధుమ పడదు. ఆ సంగతి తేల్చే పరీక్షలు ఒక్కోసారి ఒకదానికొకటి పొంతన లేని జవాబులిస్తాయి. అలా ఎందుకు జరుగుతుందో, అప్పుడు ఏం చేయాలో తెలుసుకుందాం.

వ్యాధి అంటే ఏమిటి?

గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. సీలియాక్ వ్యాధి ఉన్నవారు గ్లూటెన్ తింటే వారి రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నప్రేగునే దెబ్బతీస్తుంది. ఆహారంలోని పోషకాలను పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగి చదునవుతాయి. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తహీనత, వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడం దీని లక్షణాలు. కొందరిలో కడుపు బాధ ఏమీ లేకుండా రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది.

ఇది అంటువ్యాధి కాదు. గోధుమ ఎలర్జీ కూడా కాదు, అది వేరే జబ్బు. ఉత్తర భారతంలో సుమారు 100 మందిలో ఒకరికి సీలియాక్ ఉంటుందని అంచనా. దక్షిణాన చాలా తక్కువ.

లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే ఈ జబ్బును వివరించాడు. కానీ కారణం గోధుమ అని తేల్చింది నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విలెం కారెల్ డికె. ఆయన 1950లో తన పరిశోధన గ్రంథంలో ఆ విషయం వెల్లడించాడు.

పరీక్షలు ఏవి?

మొదట రక్తపరీక్ష చేస్తారు. అందులో టీటీజీ-ఐజీఏ అనే ప్రతిరక్షకం ఎంత ఉందో చూస్తారు. తరువాత చాలామందికి ఎండోస్కోపీ చేసి, ఆంత్రమూలం నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. దీన్ని బయాప్సీ అంటారు. పిల్లల్లో టీటీజీ మామూలు హద్దుకు పది రెట్లు దాటి, మరో రక్తపరీక్ష కూడా దాన్ని బలపరిస్తే, బయాప్సీ లేకుండానే కొందరు వైద్యులు నిర్ధారిస్తారు.

జవాబులు ఎందుకు కలవవు?

1. గోధుమ ముందే మానేయడం. ఆరో తరగతి అమ్మాయి ఒకరికి టీటీజీ పాజిటివ్ వచ్చిందనుకుందాం. ఇంట్లోవాళ్లు భయపడి ఆ రోజే చపాతీ మాన్పించారు. ఇంతలో బదిలీ వచ్చింది. కొన్ని నెలల తరువాత కొత్త ఊళ్లో బయాప్సీ చేస్తే ప్రేగు బాగానే ఉంది. అసలు వ్యాధే లేదా? ఉండి, పథ్యం వల్ల నయమైందా? ఆ రిపోర్టు చూసి చెప్పలేం. తేల్చడానికి మళ్లీ కొన్ని వారాలు గోధుమ తినిపించాల్సి రావచ్చు.

2. ఐజీఏ తక్కువగా ఉండడం. కొందరి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ. వ్యాధి ఉన్నా వారికి టీటీజీ-ఐజీఏ నెగెటివ్ వస్తుంది. అందుకే మొత్తం ఐజీఏ కూడా కొలుస్తారు.

3. ప్రేగు అంతటా ఒకేలా దెబ్బతినకపోవడం. ఒకటి రెండు ముక్కలే తీస్తే బాగున్న చోటే తగలవచ్చు. కాబట్టి నాలుగైదు ముక్కలైనా తీయాలి.

4. తొలి దశ. రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టినా, ప్రేగు ఇంకా దెబ్బతిని ఉండకపోవచ్చు. అలాంటి వారిని వైద్యులు గమనిస్తూ ఉంటారు.

5. వేరే కారణాలు. జియార్డియా లాంటి పరాన్నజీవులు కూడా ఆంత్రచూషకాలను పాడుచేయగలవు.

ఇంకా తేలకపోతే జన్యు పరీక్ష ఉంది. డీక్యూ2, డీక్యూ8 అనే రకాలు రెండూ లేకపోతే సీలియాక్ ఉండే అవకాశం దాదాపు లేనట్లే. ఉంటే మాత్రం వ్యాధి ఉన్నట్లు కాదు. ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి అవి ఉంటాయి.

కాబట్టి మొదటి సూత్రం: పరీక్షలన్నీ పూర్తయి డాక్టరు చెప్పేదాకా మనంతట మనం గోధుమ మానకూడదు. తేలాక మాత్రం జీవితాంతం మానాలి. వ్యాధి ఉండి తింటే ఎదుగుదల, ఎముకలు దెబ్బతింటాయి. లేకుండా మానితే అక్కరలేని పథ్యం జీవితమంతా మోయాలి.

ఏం తినవచ్చు? ఏం తినకూడదు?

తెలుగువారి వంటింట్లో తినదగినవి చాలా ఉన్నాయి: అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, అరిసెలు, సున్నుండలు. చపాతీ, పూరీ, బ్రెడ్, మైదా బిస్కట్లు, బొంబాయి రవ్వ ఉప్మా మానాలి. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో, గురుద్వారాలోని కడాహ్ ప్రసాదం గోధుమపిండితో చేస్తారు. అక్కడ ఒక దండం పెట్టి, విషయం మర్యాదగా చెబితే చాలు.

కనపడని గోధుమ కూడా ఉంటుంది. చాలా రకాల ఇంగువ పొడిలో గోధుమపిండి కలుస్తుంది, అలా సాంబారులోకీ వస్తుంది. గోధుమలు ఆడించిన మరలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండి కూడా పనికిరాదు. పూరీలు వేయించిన నూనె, చపాతీలు కాల్చిన పెనం కూడా అంతే. ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని వేయాలంటే మన దేశ నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

బదిలీ అయితే?

సామాను సర్దేటప్పుడు రిపోర్టుల ఫైలు చేతిసంచిలో పెట్టుకుందాం. ప్రతి రిపోర్టు మీద తేదీతోపాటు అప్పటికి గోధుమ తింటున్నామో లేదో కూడా రాసి ఉంచుదాం. ఒక్కో ల్యాబ్‌కు మామూలు హద్దు వేరుగా ఉంటుంది కాబట్టి అంకె ఒక్కటే కాకుండా హద్దు కూడా చూడాలి. కొత్త బడిలో మొదటి వారంలోనే క్లాస్ టీచరుకు చెబుదాం. మన పక్కన కూర్చునే నేస్తానికి ఈ పథ్యం ఉంటే 'ఒక్క ముక్కే కదా, తిను' అని బలవంతపెట్టకూడదు. పుట్టినరోజున కేకుతోపాటు ఒక పల్లీచిక్కీ కూడా తెస్తే ఆ నేస్తం కూడా మనతో కలిసి తింటుంది.

ఆలోచించి చెప్పండి

1. గోధుమ మానేశాక పరీక్ష చేస్తే ఫలితం ఎందుకు నమ్మలేం?
2. మీ ఇంట్లో ఇంగువ డబ్బా మీద రాసిన దినుసులు చదవండి. అందులో గోధుమ ఉందా?
3. మీరు ఇప్పుడుంటున్న ఊళ్లో గోధుమ, బార్లీ, రై లేని ఐదు వంటకాల పేర్లు రాయండి.