ఉతికినా వదలని చెమట కంపు

ప్రశ్న: మా అబ్బాయి జిమ్ టీషర్టులు ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటాయి. వేసుకుని కాస్త చెమట పట్టగానే పులిసిన కంపు! సబ్బుపొడి ఎక్కువేసినా, కండిషనర్ వాడినా పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ రెండూ ఆపండి. ఎక్కువైన సబ్బు పూర్తిగా జాడించుకుపోదు. కండిషనర్ బట్ట పోగుల మీద జిడ్డుపొరలా పేరుకుంటుంది. వాసన తెచ్చే సూక్ష్మజీవులకు ఆ పొరే ఆశ్రయం.

జిమ్ టీషర్టులు ఎక్కువగా పాలిస్టర్‌వే. పాలిస్టర్ నీటిని పెద్దగా పీల్చదు కానీ ఒంటి జిడ్డును గట్టిగా పట్టుకుంటుంది. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాయామం చేసినవారి టీషర్టులను పరీక్షించి, నూలు బట్టలకంటే పాలిస్టరే ఎక్కువ కంపు కొడుతుందని, మైక్రోకాకస్ బ్యాక్టీరియా దాని మీద బాగా పెరుగుతుందని గమనించారు.

టీషర్టులు తిరగేసి, నాలుగు వంతుల చన్నీళ్లకు ఒక వంతు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టండి. బాగా జాడించాకే ఎంజైములున్న డిటర్జెంట్‌తో, కొలత మించకుండా ఉతకండి. వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రవంతో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. అప్పటికీ మొండికేస్తే, వేరే రోజు ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టండి. ముందు బట్ట లేబుల్ చూసుకోండి.

అసలు చిక్కంతా తడి బట్టలు సాయంత్రం దాకా బ్యాగులో ముడుచుకుని ఉండటంలో ఉంది. వెంటనే ఉతికే వీలు లేకపోయినా, ఇంటికి రాగానే దండెం మీద వేయమని అబ్బాయికి చెప్పండి.