రాత్రి నిద్రలో షుగర్ పడిపోతోందా? కారణం ఇలా వెతకండి

రాత్రి రెండు గంటలవుతుంది. పక్కన పడుకున్న పిల్లవాడు మూలుగుతున్నట్టు వినిపించి మీకు మెలకువ వస్తుంది. చెయ్యి వేసి చూస్తే ఒళ్లంతా చెమట. దిండు తడిసిపోయి ఉంటుంది. పిలిస్తే పొంతన లేకుండా ఏదో మాట్లాడతాడు. రాత్రి అన్నం బాగానే తిన్నాడు. ఇన్సులిన్ ఎప్పటిలాగే ఇచ్చారు. మరి షుగర్ ఎందుకు పడిపోయింది?

టైప్ 1 మధుమేహం ఉన్నవారి ఇళ్లలో ఇది తరచుగా ఎదురయ్యే అనుభవం. "కారణం ఏమీ లేకుండానే పడిపోతోంది డాక్టరుగారూ" అని తల్లిదండ్రులు చెబుతుంటారు. నిజానికి చాలాసార్లు కారణం ఉంటుంది. దాన్ని ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికే ఈ పాఠం.

నిద్రలో ఎందుకు ఎక్కువ ప్రమాదం?

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని హైపోగ్లైసీమియా అంటారు. మనం వాడుకలో "లో షుగర్" అంటాం. 54 కంటే తగ్గితే మెదడు పనితీరు దెబ్బతినడం మొదలవుతుంది.

మెలకువగా ఉన్నప్పుడు షుగర్ తగ్గితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి వేస్తుంది. ఇవి శరీరం మనకు చేసే హెచ్చరికలు. గాఢ నిద్రలో ఈ హెచ్చరికలు బలహీనంగా ఉంటాయి కాబట్టి మెలకువ రాకపోవచ్చు. మళ్లీ మళ్లీ లో షుగర్ వచ్చేవారిలో అయితే పగలు కూడా ఇవి సరిగా తెలియవు. షుగర్ మరీ తగ్గితే ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు.

కుటుంబసభ్యులు గమనించవలసిన గుర్తులు: చల్లని చెమట, నిద్రలో అరవడం, పీడకలలు, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, ఉదయం తలనొప్పి, ఎంత లేపినా మత్తుగా ఉండటం.

వెంటనే చేయవలసినవి

1. గ్లూకోమీటరు దగ్గరుంటే వెంటనే చూడండి. లేకపోతే అనుమానం రాగానే లో షుగర్ అనే భావించి చికిత్స మొదలుపెట్టండి.

2. స్పృహలో ఉండి మింగగలిగితే, లేపి కూర్చోబెట్టి 3 చెంచాల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్లలో కలిపి తాగించండి. ఇది సుమారు 15 గ్రాములు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ సరిపోతుంది. మీ బిడ్డ బరువును బట్టి ఎంత ఇవ్వాలో డాక్టరుగారిని అడిగి రాసి ఉంచుకోండి.

3. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి ఇవ్వండి.

4. షుగర్ పెరిగాక రెండు బిస్కెట్లో, పాలో, ఒక ఇడ్లీయో పెట్టండి. మొదటే చాక్లెట్ ఇవ్వకండి. అందులోని కొవ్వు వల్ల గ్లూకోజ్ ఆలస్యంగా ఎక్కుతుంది.

5. స్పృహ లేకపోయినా, ఫిట్స్ వస్తున్నా నోట్లో ఏమీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గ్లూకగాన్ ఇంజక్షన్ ఇంట్లో ఉండి, చేయడం నేర్చుకుని ఉంటే చేయండి. వెంటనే 108 కు ఫోన్ చేయండి.

కారణం ఎక్కడ వెతకాలి?

సిరంజి: మన దేశంలో ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్, 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. 40 కి ఎర్ర మూత సిరంజి, 100 కి నారింజ మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 10 గీత వరకు తీస్తే, లోపలికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు! మందుల షాపు మారినప్పుడు, కొత్త సీసా తెచ్చినప్పుడు సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను పక్కపక్కన పెట్టి చూడండి.

సరిగా కలపకపోవడం: తెల్లగా పాలలా ఉండే ఇన్సులిన్ అడుగున పేరుకుంటుంది. అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు పైకీ కిందికీ తిప్పాలి. లేకపోతే ఒక రోజు మందు పలుచగా, మరో రోజు చిక్కగా పడుతుంది.

వేళ: పాలలా ఉండే ఎన్‌.పి.హెచ్. ఇన్సులిన్, అది కలిసిన 30/70 మిశ్రమం వేసిన సుమారు 4 నుంచి 10 గంటల మధ్య బాగా పనిచేస్తాయి. రాత్రి 8 గంటలకు వేస్తే ఆ ప్రభావం అర్ధరాత్రి దాటాక, కడుపు ఖాళీగా ఉన్న సమయంలో కనిపిస్తుంది. వేళ మార్చడం వల్లా, దీర్ఘకాలం సమంగా పనిచేసే ఇన్సులిన్‌కు మారడం వల్లా కొందరికి ఈ బాధ తగ్గుతుంది. అది డాక్టరుగారు నిర్ణయించాలి.

ఆటలు, శ్రమ: ఏడో తరగతి చదివే బాబు వారానికి రెండు సాయంత్రాలు కబడ్డీ ఆడతాడనుకుందాం. ఆడేటప్పుడు షుగర్ బాగానే ఉంటుంది. కానీ ఖర్చయిపోయిన నిల్వలను కండరాలు రాత్రంతా రక్తంలోంచి లాక్కుంటూనే ఉంటాయి. అందుకే ఆట ముగిసిన 7 నుంచి 11 గంటల తర్వాత షుగర్ పడిపోవచ్చు. తల్లి రాత్రి భోజనంలో కారణం వెతుకుతుంది. కారణం సాయంత్రం మైదానంలో ఉంటుంది. పొలం పని, పెళ్లి పనుల హడావుడి కూడా ఇలాంటివే.

గడ్డలు: ఒకేచోట సూది వేస్తుంటే అక్కడి చర్మం కింద మెత్తని గడ్డలు కడతాయి. వాటిలోంచి ఇన్సులిన్ ఒక రోజు నెమ్మదిగా, ఒక రోజు ఒక్కసారిగా ఎక్కుతుంది. వేలితో తడిమి చూడండి. గడ్డ ఉన్న చోటు వదిలి కొత్త చోట వేస్తే అదే మోతాదు ఎక్కువై పోవచ్చు. కాబట్టి చోటు మార్చే ముందు డాక్టరుగారితో చెప్పండి.

మద్యం: పెద్దవారిలో ఇది ముఖ్యం. మద్యం తాగితే కాలేయం గ్లూకోజ్‌ను విడుదల చేయలేదు. తెల్లవారే వరకూ ప్రమాదం ఉంటుంది.

అవసరం తగ్గడం: జబ్బు బయటపడిన కొత్తలో కొన్ని నెలలు క్లోమం కొంత ఇన్సులిన్ తయారుచేస్తుంది. కాన్పు తర్వాత, పాలిచ్చే రోజుల్లోనూ అవసరం తగ్గుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇవేవీ కాకుండా, మోతాదు తగ్గిస్తున్నా షుగర్ పడిపోతూనే ఉంటే అడ్రినల్ గ్రంథి, థైరాయిడ్ పరీక్షలు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుకు పరీక్ష అవసరం కావచ్చు. టైప్ 1 ఉన్నవారిలో ఈ జబ్బులు ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తాయి.

ఒక నోటుపుస్తకం పెట్టండి

మూడు నాలుగు రాత్రులు పడుకునే ముందు, రాత్రి 2-3 గంటల మధ్య, ఉదయం లేవగానే షుగర్ చూసి రాయండి. పక్కనే ఆ రోజు ఆట, భోజనం, సూది వేసిన చోటు, మోతాదు రాయండి. చేతులు కడుక్కున్నాకే వేలు గుచ్చండి. పండు తిన్న చేతితో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. చర్మానికి అంటించే సెన్సర్ వాడేవారు ఆ పక్కకే ఒత్తిగిలి పడుకుంటే లేని లో షుగర్ చూపించవచ్చు. ఒంట్లో బాగానే ఉంటే వేలి పరీక్షతో సరిచూసుకోండి.

ఉదయం షుగర్ ఎక్కువగా ఉందని రాత్రి మోతాదును మీరే పెంచకండి. తెల్లవారుజామున హార్మోన్ల వల్ల సహజంగా పెరిగిందో, లో షుగర్‌కు ఎక్కువ పంచదార తాగించడం వల్ల పెరిగిందో రాత్రి 2-3 గంటల అంకె చూస్తేనే తెలుస్తుంది. కారణం దొరక్కపోతే డాక్టరుగారు ఆ వేళ పనిచేసే ఇన్సులిన్‌ను సాధారణంగా 10 నుంచి 20 శాతం తగ్గించి చూస్తారు. స్పృహ తప్పేంతగా తగ్గితే మాత్రం తరువాతి డోసు వేసేలోపే ఆసుపత్రికి తెలియజేయండి.

మూడు పొరపాట్లు చేయకండి

భయపడి ఇన్సులిన్ మానేయకండి. టైప్ 1 లో ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

లో షుగర్ రాకూడదని ఎప్పుడూ 250, 300 లోనే ఉంచకండి. ఆ నష్టం ఇప్పుడు కనబడదు గానీ తర్వాత కళ్లకు, మూత్రపిండాలకు వస్తుంది.

జబ్బును దాచిపెట్టకండి. హాస్టలుకు పంపిన అబ్బాయి గదిలో, అత్తవారింటికి వెళ్లిన అమ్మాయి పక్కన రాత్రివేళ ఉండేవారికి విషయం తెలియకపోతే, చెమటలు పట్టి మాట తడబడుతుంటే వాళ్లేం చేయగలరు? గ్లూకోజ్ పొట్లం ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కరు దగ్గరుంటే ప్రాణం నిలబడుతుంది.

చివరగా ఒక మాట. లో షుగర్ వస్తే అది మీ బిడ్డ తప్పూ కాదు, మీ అశ్రద్ధా కాదు. ప్రతి రాత్రీ ఒక్క తల్లే మేలుకోనక్కరలేదు. ఇంట్లో అందరూ నేర్చుకోండి, వంతులు వేసుకోండి. మంచం పక్కన గ్లూకోజ్ పొడి, నీళ్లు, చెంచా, మీటరు ఉంచండి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం, ఇన్సులిన్ సీసా, మీరు వాడే సిరంజి మూడూ వెంట తెచ్చుకోండి. కారణం అందరం కలిసి వెతుకుదాం.