ముత్తాత పతకం అంచు చూడండి

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో మా ముత్తాత బస్రా వెళ్లొచ్చారట. ఒక వెండి పతకం తప్ప కాగితం ముక్క లేదు. వివరాలు ఎలా తెలుస్తాయండీ?

జవాబు: ముందు ఆ పతకాన్ని చింతపండుతో తోమకండి! ఒకవైపు ఐదో జార్జి, మరోవైపు గుర్రంపై మనిషి ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. దాని అంచు మీద ఇంగ్లీషులో నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చొత్తి ఉంటాయి. తోమితే అరిగిపోతాయి. భూతద్దంతో చదవండి. పేరు గుమస్తా చెవికి వినపడినట్టు రాసి ఉండొచ్చు, నంబరునే నమ్ముకోండి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితా మీకు పనికిరాదు, అది చనిపోయినవారిది. మీ ముత్తాత తిరిగొచ్చారు కదా. పటాలం తెలిశాక, లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరుసలో దాని యుద్ధ డైరీ వెతకండి. సిపాయిల పేర్లు అందులో అరుదు, కానీ పటాలం ఏ రోజు ఎక్కడ మకాం వేసిందో తెలుస్తుంది.