పాముకున్న వేడి చూపు మనకూ వస్తుందా?

భిలాయ్ ఉక్కు పట్టణం పక్కనే హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ ఉంది. ఇలాంటి చోట ఎరుపు తగ్గిన ఇనుము మన కంటికి చల్లారినట్టే కనిపిస్తుంది, కానీ ఇంకా వందల డిగ్రీల వేడితో ఉండవచ్చు. రాటిల్ స్నేక్ అయితే చీకట్లోనూ ఆ వేడిని పసిగడుతుంది.

ఆ పాము కంటికీ ముక్కుకీ మధ్య ఉండే గుంటలోని పలుచని పొర పరారుణ కిరణాల వేడిని గ్రహిస్తుంది. ఇందుకు మూలం టీఆర్‌పీఏ1 అనే ప్రొటీన్ అని 2010లో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. ఇది మనలోనూ ఉంది. ఆవకాయలోని ఆవపిండి ఘాటు మనకు తెలిసేది దీనివల్లే!

మరి పాము జన్యువును మనలో పెడితే చాలా? చాలదు. పాము ప్రొటీన్ సుమారు 28 డిగ్రీల సెల్సియస్ దగ్గరే స్పందిస్తుంది. మన ఒళ్లు 37 డిగ్రీలు కాబట్టి అది ఆగకుండా మోగే అలారమే అవుతుంది. పైగా ఆ గుంట, నరాలు, మెదడులోని ఏర్పాటు ఒక్క జన్యువుతో రావు.

ఉన్న అవయవానికి జన్యువు తోడైతే మాత్రం ఫలితం ఉంటుంది. నాచు జన్యువును కంట్లో చేర్చాక ఒక అంధుడు ప్రత్యేక కళ్లద్దాలతో బల్లమీది వస్తువులను కొంతమేర గుర్తించాడని 2021లో వెల్లడైంది.

అది పోయిన చూపును తిరిగివ్వడం. లేనిదాన్ని చేర్చడం వేరు. పుట్టబోయే బిడ్డ సమ్మతి అడగలేం. తరతరాలకు సంక్రమించే జన్యు చికిత్సను మన దేశంలో 2019 మార్గదర్శకాలు నిషేధించాయి. పెద్దలకైనా, రేపు ‘వేడి చూపు ఉంటేనే కొలిమి దగ్గర పని’ అంటే కార్మికుడు కాదనగలడా? థర్మల్ కెమెరాను షిఫ్టు అయ్యాక అక్కడే వదిలి రావచ్చు. మార్చుకున్న ఒంటిని వదిలి రాలేం.