దినకూలి ఆటగాడు

పోయిన నెల మన లైబ్రరీ బీరువాలో పాత ఇంగ్లీషు పేపర్లు సర్దుతుంటే ఒక ఆటల పేజీ నా కంటబడింది. అందులో ఒక అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి ‘జర్నీమ్యాన్’ అని రాసినారు. జర్నీ అంటే ప్రయాణం కదా, ఊరూరూ తిరిగేవాడేమో అనుకున్నాను. అనుమానం తీరక నిఘంటువు తీసినాను. అర్థం అది కాదు! ఫ్రెంచి భాషలో ‘జూర్నే’ అంటే ఒక దినం, ఒక దినపు పని. ఆ మాట నుంచే జర్నీమ్యాన్ పుట్టింది. అంటే దినకూలి అన్నమాట.

ఐరోపా దేశాల్లో పూర్వం చేతిపనులు నేర్చుకునేవాళ్ళకు మూడు మెట్లు ఉండేవి. మొదట శిష్యుడు. తర్వాత పని వచ్చి, దినానికింత అని కూలి తీసుకునేవాడు. ఆఖరున సొంతంగా పని పట్టి, ఇంకొకరికి నేర్పే యజమాని. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మన తాండాల్లో ఇది తెలియనివాళ్ళు ఎవరున్నారు? మొదట చేతికింద మనిషి, తర్వాత బేల్దారి, ఆ తర్వాత మేస్త్రీ. అంతే కదా!

ఆ పేపర్లో ఉన్న ఆటగాడి పేరు కెవిన్ ఓలీ. 1995లో అమెరికా పెద్ద లీగు ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్ళను ఎంచుకునేటప్పుడు ఇతన్ని ఎవరూ ఎంచుకోలేదు. చిన్న లీగులో ఆడి, తర్వాత ఎన్‌బీఏలో 13 ఏళ్ళు నెట్టుకొచ్చినాడు. ఆ కాలంలో మారిన జట్లు పదికి పైనే. ఎక్కడా పెద్ద నక్షత్రం కాదు. ఆట మానేసినాక తాను చదివిన కనెక్టికట్ విశ్వవిద్యాలయానికే కోచ్ అయి, 2014లో ఆ జట్టును అమెరికా కాలేజీల చాంపియన్ చేసినాడు. 2018లో ఆ పదవీ పోయింది. దినకూలి బతుకు కోచ్‌కు కూడా తప్పదని దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇట్లాంటివాడు మన తెలుగు నేల మీద ఎవరైనా ఉన్నారా అని వెతికినాను. బాస్కెట్‌బాల్‌లో నాకు దొరకలేదు, ఫుట్‌బాల్‌లో దొరికినాడు. ఆయన పేరు మహమ్మద్ హబీబ్, హైదరాబాదువాడు. 1949 జూలై 17న పుట్టినాడు. అభిమానులు ‘బడే మియా’ అని పిలిచేవాళ్ళు. ఆయన తమ్ముడు అక్బర్ కూడా పేరున్న ఆటగాడే.

అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. అక్కడ మైదాన్ అనే పెద్ద బయలు ఉంది. మూడు పెద్ద క్లబ్బులు ఉన్నాయి: ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్. హైదరాబాదులో బాగా ఆడే పిల్లగాడు కనిపిస్తే ఆ క్లబ్బులవాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. మన ఊళ్ళకు మేస్త్రీలు వచ్చి బెంగుళూరు పనికి మనుషుల్ని మాట్లాడుకుని పోయినట్లే అనుకోండి. హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు పోయినాడు. అప్పటికి ఆయన వయసు 17 ఏళ్ళు. మన ఇంటర్మీడియట్ అన్నల వయసు! భాష తెలియని ఊరు, చేపల కూర వాసన, విపరీతమైన వాన.

వాన సంగతి కొంచెం చెప్పాలి. కలకత్తా లీగు వానాకాలంలో జరుగుతుంది. మన కళ్యాణదుర్గం గ్రౌండులో గట్టి నేల, గులకరాళ్ళు. బంతి పడితే మోకాలెత్తు ఎగురుతుంది. బురదలో బంతి పడినచోటే చచ్చిపోతుంది. నేల మీద దొర్లించిన పాసు సగం దూరంలోనే ఆగిపోతుంది, కాబట్టి బంతిని కొంచెం లేపి ఇయ్యాల. పరుగులో అడుగు చిన్నదిగా వెయ్యాల, లేకుంటే జారి పడతారు. ఎండిన నేల మీద ఆట నేర్చినవాడు బురదలో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే. హబీబ్ నేర్చుకున్నాడు. ఆయన ఆటలో పెద్ద గుణం అలుపెరగని పరుగు. బంతి పోగొట్టుకుంటే నిలబడి చూసే రకం కాదు, వెంటబడి లాక్కునే రకం.

1966 నుంచి 1984 దాకా హబీబ్ ఆ మూడు క్లబ్బుల మధ్యే తిరిగినాడు. ఈస్ట్ బెంగాల్ నుంచి మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్, మళ్ళీ మోహన్ బగాన్... ఇట్లా. ఒక ఏడాది చప్పట్లు కొట్టిన జనమే ఇంకో ఏడాది తిట్టేవాళ్ళు. ఆ రోజుల్లో చాలామంది ఆటగాళ్ళు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళు. హబీబ్ మాత్రం ఉద్యోగం ఇస్తామన్నా ఒప్పుకోలేదు. ఆటే పని, ఆటే కూలి అనుకున్నాడు. అందుకే ఆయన్ను మనదేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు అంటారు. నా మటుకు నాకు ఇది ధైర్యమో మొండితనమో తేల్చుకోవడం కష్టంగా ఉంది. ఇంట్లో అడిగితే మా యాడి మొండితనమే అంటుంది. గవర్నమెంటు ఉద్యోగం వద్దన్నవాణ్ణి మా తాండాలో ఇంతవరకు చూడలేదు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టులో హబీబ్ ఉన్నాడు. కెప్టెన్ కూడా హైదరాబాదువాడే, సయ్యద్ నయీముద్దీన్. మొదట జపాన్ చేతిలో 0–1తో ఓడినారు. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడినారు. చివరికి మూడో స్థానం కోసం మళ్ళీ అదే జపాన్ ఎదురైతే 1–0తో గెలిచి కంచు పతకం తెచ్చినారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు పతకం రాలేదు. 1977 సెప్టెంబర్ 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచింది. ఆ రెండింటిలో ఒక గోల్ హబీబ్‌దే.

ఇప్పుడు కోచ్‌ల సంగతికి వస్తాను. ఆట మానేసినాక హబీబ్ జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ పిల్లలకు నేర్పినాడు. ఆ అకాడమీ 1987లో మొదలైంది. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటూ ఆడతారు, మన హాస్టల్ లాగే. తర్వాత హల్దియాలో ఇంకో అకాడమీలోనూ పనిచేసినాడు. నయీముద్దీన్ దారి వేరు. ఆయన కూడా కలకత్తా మూడు క్లబ్బుల్లో ఆడి, మళ్ళీ ఆ మూడింటికీ కోచ్ అయినాడు. భారత జట్టుకు కూడా కోచ్‌గా పనిచేసినాడు. క్రమశిక్షణలో చాలా కఠినుడని పేరు (మన వార్డెన్ సారు లాగా అని నేను అనలేదు!). 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన కింద డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ ఒకే ఏడాదిలో గెలిచింది. అదే ఏడాది ఆయనకు ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆటగాడిగా అర్జున అవార్డు వచ్చింది 1970లో. అర్జునుడు ద్రోణుడు కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ద్రోణాచార్య పేరు వింటే మన గిరిజన పిల్లలకు ముందు గుర్తుకొచ్చేది ఏకలవ్యుడి బొటనవేలే. ఆ పేరుతో అవార్డు పెట్టినవాళ్ళకు అది గుర్తుకొచ్చిందో లేదో గానీ నాకు మాత్రం ప్రతిసారీ గుర్తుకొస్తుంది. హబీబ్‌కు 1980లో అర్జున వచ్చింది. ద్రోణాచార్య జాబితాలో ఆయన పేరు లేదు. అకాడమీ పిల్లలకు కాలు ఎట్లా పెట్టాలో నేర్పినవాడికి పేపర్లో పెద్ద అక్షరాలు ఉండవు.

ఇదంతా ఎందుకు వెతికినానో ఇప్పుడు నిజం చెప్పేస్తాను. ఈ ఏడాది ఆటల పోటీలకు జట్టు ఎంచినప్పుడు నా పేరు రాలేదు. పదో తరగతిలో నాకు ఇదే ఆఖరి ఏడాది. పేర్లు చదివినాయన కాగితం మడిచి, “నువ్వు ఆరో తరగతి పిల్లల్ని చూసుకో” అన్నాడు. నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి ఏడ్చినాను. చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి దాచడం దండగ. నేను ఈ హాస్టల్‌కు వచ్చేలోపల మూడు బడులు మారినాను. మా బా, యాడి పనికి బెంగుళూరు పోతే వాళ్ళ వెంట పోయి షెడ్ల పక్క బడిలో కన్నడం నేర్చినాను. ఒక ఏడాది అవ్వ దగ్గర ఉన్నాను. ఏ జట్టులోనూ నిలిచి ఆడింది లేదు. అందుకే నాకు ఆట సరిగ్గా రాలేదని నా బాధ.

ఆదివారం ఫోన్లో మా బాతో ఇదే చెప్పినాను. ఆయన పన్నెండేండ్లు బేల్దారిగా చేసి, ఇప్పుడు ముగ్గురికి మేస్త్రీ. “ఎంతమంది మేస్త్రీల కింద చేసినావు బా?” అని అడిగినాను. లెక్కపెట్టి తొమ్మిది అన్నాడు. ఒకాయన మూల తిప్పడంలో గట్టి. ఒకాయన ప్లాస్టరింగులో. ఒకాయనకు పని రాదు గానీ కూలోళ్ళకు శనివారం సాయంత్రం లెక్క తప్పకుండా ఇచ్చేవాడు. “ఒక్కని దగ్గరే ఉన్నింటే బేటా, వాని తప్పులు గూడా నాకు వచ్చేవి” అన్నాడు. “తొమ్మిదిమంది దగ్గర చేస్తే ఏది తప్పో కండ్లకు కనపడతాది.” ఇంకో మాట కూడా చెప్పినాడు. చేతికిందికి కొత్తగా వచ్చిన పిల్లోడికి రసమట్టం ఇచ్చి గోడ చూడమంటే, తాను చిన్నప్పుడు చేసిన తప్పే వాడూ చేస్తాడంట. పని పుట్టుకతో వచ్చినట్లు చేసేవాడు ఆ తప్పును గుర్తుపట్టలేడంట.

ఆ మాట విన్నాక హబీబ్ సంగతి నాకు ఇంకో రకంగా అర్థమైంది. ఈస్ట్ బెంగాల్‌లోనూ, తర్వాత మోహన్ బగాన్‌లోనూ ఆయన పి.కె. బెనర్జీ అనే గొప్ప కోచ్ కింద ఆడినాడు. అదే కోచ్ రెండు వేర్వేరు జట్లను ఎట్లా నడిపినాడో లోపలినుంచి చూసినాడు. అంతకుముందు హైదరాబాదు ఆట ఉంది. ఆ ఆటను దిద్దిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తికి బడిపంతులు. 1951లోనూ 1962లోనూ మనకు ఆసియా క్రీడల బంగారం తెచ్చిన కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన చేతికిందే. 1963లో చనిపోయినాడు. అప్పటికి హబీబ్ ఇంకా చిన్నపిల్లగాడు. కానీ రహీమ్ సారు వేసిన పద్ధతులు హైదరాబాదు గ్రౌండ్లలో ఉండిపోయినాయి.

వాటిలో రెండు నాకు బాగా నచ్చినాయి. ఒకటి, బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోకూడదు, వచ్చిన వెంటనే పాసు ఇయ్యాల అనే పోటీ. రెండోది, వాటం లేని కాలుతోనే ఆడాల అనే పోటీ. కుడికాలువాడు ఎడమకాలుతో, ఎడమకాలువాడు కుడికాలుతో. పెద్ద ఆటగాడు కూడా అప్పుడు ఆరో తరగతి పిల్లోడి లాగే తడబడతాడు. చూసేవాళ్ళకు నవ్వులాట, ఆడేవాళ్ళకు చదువు. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతోనే ఆడేవాళ్ళు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడినాకనే బూట్లు తప్పనిసరి చేసినారు.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో చనిపోయినాడు. మనం ఇక్కడ జెండా ఎగరేసి మిఠాయి తిన్న రోజే. ఆ రోజు ఆయన పేరు నాకు తెలియదు.

పోయిన సోమవారం నుంచి ఆరో తరగతి పిల్లలు పద్నాలుగుమంది నా దగ్గరకు వస్తున్నారు. వాళ్ళలో ఒకడు బంతిని తన్నే ముందు కళ్ళు మూసుకుంటాడు. ఐదో తరగతిలో నేనూ అదే చేసేవాణ్ణి! బెంగుళూరులో ఒక కన్నడ పిల్లోడు నా ముందు నిలబడి, బంతి మీద సుద్దతో చుక్క పెట్టి, ఆ చుక్కను చూసి తన్నమని మాన్పించినాడు. నేనూ సుద్దముక్క జేబులో పెట్టుకున్నాను. లెక్కల సారు బోర్డు దగ్గరిది కాదు, సొంతంగా కొన్నదే.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు గ్రౌండులో వాటం లేని కాలు పోటీ పెడుతున్నాను. జట్టుకు ఐదుగురు, పది నిమిషాలు ఆట. పోటీలకు పోయిన పెద్ద జట్టు అన్నలు కూడా రావచ్చు. బూట్లు ఉన్నవాళ్ళు విప్పి రావాల. వార్డెన్ సారు దయచేసి ఆ రోజు టిఫిన్ గంట అరగంట ఆలస్యంగా కొట్టించాలని మనవి.