బొరుసు మీద సుగుణం

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పంజాగుట్ట దాటి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం దగ్గరే. దాని సేకరణలో తెలంగాణ నేలలో దొరికిన రోమన్ నాణేలున్నాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒకే చోట 1500కు పైగా వెండి దినారియస్‌లు బయటపడ్డాయి. అవి ఎలా తయారయ్యాయంటే...

1. బిళ్ల: వెండి కరిగించి, తూకం చూసి బిళ్లలు చేస్తారు. చక్రవర్తి అగస్టస్ కాలంలో రోమన్ పౌనుకు 84 నాణేలు. ఒక్కోటి 3.9 గ్రాముల దాకా తూగేది.

2. అచ్చులు: రెండు కావాలి. బొమ్మ వైపు చక్రవర్తి ముఖం, బొరుసు వైపు తరచూ ఒక సుగుణం. ఎడమ కుడిగా, ఉబ్బు గుంటగా చెక్కాలి. సుగుణానికి స్త్రీ రూపమిస్తారు, ఎవరో చెప్పేది చేతిలోని వస్తువే. త్రాసు ఉంటే సమవర్తనం, ఆలివ్ కొమ్మ ఉంటే శాంతి. క్రీ.పూ. 27లో శౌర్యం, దయ, న్యాయం, భక్తి అనే నాలుగు గుణాలకు గుర్తుగా సెనేట్ అగస్టస్‌కు బంగారు డాలు ఇచ్చింది. ఆ డాలూ నాణేలకెక్కింది.

3. దెబ్బ: ముఖం అచ్చును దాగలిలో బిగిస్తారు. దానిపై బిళ్ల, బిళ్లపై బొరుసు అచ్చు పెట్టి సుత్తితో కొడతారు. సుత్తి నేరుగా పడేది పై అచ్చు మీదే కాబట్టి అదే ముందు అరిగేది. చక్రవర్తి ముఖం కన్నా సుగుణాన్నే ఎక్కువసార్లు కొత్తగా చెక్కాల్సి వచ్చేది.

4. పరీక్ష: క్రీ.శ. 64లో చక్రవర్తి నీరో పౌనుకు 96 నాణేలు కొట్టించాడు, వెండి శుద్ధీ తగ్గించాడు. తర్వాతి పాలకులు ఇంకా కల్తీ చేశారు. త్రాసు పట్టిన దేవత మాత్రం బొరుసు మీద నిలిచే ఉంది! పంజాగుట్ట నగల దుకాణంలో హాల్‌మార్క్ చూడకుండా కాసు కొంటామా? అప్పటి మన వర్తకులూ అంతే. ఇక్కడి వెండి నిధుల్లో అగస్టస్, టైబీరియస్‌ల పాత నాణేలదే పైచేయి.

5. మన అచ్చు: సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో టైబీరియస్ నాణేన్ని పోలిన మట్టి బిళ్లలు దొరికాయి. మెత్తటి మట్టిని అచ్చుతో నొక్కి కాలుస్తారు. మెడలో వేలాడదీసుకునే బిళ్లకు వెండి శుద్ధితో పనేముంది? రోమ్ సుగుణాన్ని చాటిన చోట, కొండాపూర్ సొగసు చూసింది.